పందెమునకు ముందే పండ్లు చూడవలెను

మన గృహములలో ఆట యనగా చదువునకు పగ యనియు, చదువు ముగిసిన పిదప మిగిలిన పొద్దు పుచ్చుటకు మాత్రమే తగిన దనియు పెద్దలు తలచుట వాడుక. చిరకాలము బడిపంతులపని చేసి, పిల్లల చదువుతోపాటు వారి యాటలను గూడ కనిపెట్టి చూచినవారము గావున, మేమీ యభిప్రాయముతో నేకీభవింపజాలము. పిల్లవాడు ధర్మశాస్త్రమును నేర్చుకొనునది పుస్తకమునందు గాదు, గోలీలాటయందు. వాని నోట మొట్టమొదట వెలువడు న్యాయవాదము "తొండి" యను రెండక్షరముల మాట. ఆటలో "తొండి" యని యరచినవాడు మూడు సంగతులను ఒక్కమారే చెప్పుచున్నాడు: ఇచ్చట నొక నియమము కలదు, అది యిరువురకును సమానము, దానిని నీవు తప్పితివి. పెద్దవారమైన తరువాత మన సభలలోను సంఘములలోను ఈ మూడింటిని ఇంత తేటగా చెప్పగలవారు అరుదు. కావున నొక చిన్న యాటకు నియమములు వ్రాయవలసిన పని మాకు తటస్థించినప్పుడు దానిని చిన్నపనిగా నెంచలేదు. ఆ పనిలో తెలిసిన సంగతులను చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

మాది నర్సీపట్నము. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలనుండి ఈ యూరు అనకాపల్లి జిల్లాలో చేరియున్నది. అంతకు పూర్వము విశాఖపట్టణపు జిల్లాలోనిది. మా వీధిలో నొక బాలునికి అమెరికాలో నుద్యోగము చేయు మేనమామ యొక యాటవస్తువును తెచ్చి యిచ్చెను. దానిని స్లాట్ కారు అందురు. నల్లని ప్లాస్టిక్కు త్రోవ. త్రోవ నడుమ సన్నని గాడి. గాడికి ఇరుప్రక్కల రెండు లోహపు పట్టాలు. బొటనవ్రేలి కంటె కొంచెము పొడవైన కారు క్రింద నొక ముల్లు ఆ గాడిలో దిగి యుండును. కారు అడుగున నుండు రెండు రేకులు పట్టాలను తాకుచు విద్యుత్తును గ్రహించి, లోపలి చిన్న మోటారునకు అందించును. ఆడువాని చేతిలో నొక మీట మాత్ర ముండును. దానిని నొక్కినకొలది వేగము. చక్రము త్రిప్పుట యను మాట లేదు. త్రోవ త్రిప్పినట్లే కారు తిరుగును.

ఈ బొమ్మల పరిమాణమునకు "హెచ్ ఓ" అని పేరు. ఇది రైలుబొమ్మల లోకమునుండి వచ్చిన పేరు. ఓ అను పెద్ద కొలతలో సగ మని దాని యర్థము. అసలు రైలులో 87 అంగుళములు బొమ్మలో నొక అంగుళ మగును. అయితే ఆ కొలతను సరిగా పాటించినచో కారు మిక్కిలి చిన్నదై మోటారు ఇముడదు. కావున హెచ్ ఓ పేరుతో నమ్మబడు కార్లు చాలవరకు 64లో నొకవంతు పరిమాణమునకు దగ్గరగా నుండును. నర్సీపట్నం రోడ్డను రైలుస్టేషను మా యూరి పేరు పెట్టుకొని మా యూరికి ఎంతో దూరమున నుండుట చిన్ననాటినుండి యెరిగిన మాకు, పేరొకచోటను కొలత యొకచోటను ఉండుట వింతగా తోచలేదు. అమెరికాలో అరోరా అను సంస్థ 1960లో వీనిని అమ్మసాగెను. 1963లో థండర్‌జెట్ అను మెరుగైన మోటారును తెచ్చెను. 1974లో మోటారు అయస్కాంతములే క్రింది ఉక్కు పట్టాలను ఆకర్షించి కారును త్రోవకు అదిమిపట్టు నేర్పాటును తెచ్చెను. ఈ మూడవ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. తగవంతయు దానినుండియే పుట్టినది.

మా బాలురకు వంపుల త్రోవను పరచుటకు చోటు లేదు. ఒక మిత్రుని ధాన్యపు కొట్టు వేసవిలో ఖాళీగా నుండుటచేత, పొడవుగా, తిన్నగా రెండు గాళ్ల త్రోవను వేసికొనిరి. తిన్నని త్రోవలో ఇద్దరు మాత్రమే, నిలిచినచోటినుండి బయలుదేరి, ఎవరు ముందు గీటు దాటుదురా యని చూచు ఈ పందెమునకు డ్రాగ్ రేసింగ్ అని పేరు. అమెరికాలో యువకులు దీనిని మొదట వీధులలోను ఎడారి నేలలలోను ఆడి ప్రాణములు పోగొట్టుకొనుచుండగా, వాలీ పార్క్స్ అను నాతడు 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించి, వీధిలోని యాటను నియమములుగల మైదానమునకు తెచ్చెను. వారు నిర్ణయించుకొన్న దూరము పావు మైలు, అనగా 1,320 అడుగులు. దానిని 64 చేత భాగింపగా 20 అడుగుల 7½ అంగుళము లగును. కొట్టు పొడవు దీనికి చాలుటయే గాక, గీటు దాటిన కార్లు ఆగుటకు గూడ చోటు మిగిలెను. ఈ లెక్కను మా బాలురే వేసి గోడమీద బొగ్గుతో వ్రాసిరి. బడిలో భాగహారమునకు ముఖము చిట్లించువారు ఇచ్చట సగము అంగుళమును గూడ విడువకుండుట మాకు ముచ్చటగా నుండెను.

మొదటి ఆదివారము పందెములు సాగినవి. రెండవ ఆదివారము తగవు పుట్టినది. మేనమామ తెచ్చిన క్రొత్త కారు అడుగున బలమైన అయస్కాంతములు గలది. బయలుదేరునప్పుడు దాని చక్రములు జారవు. మిగిలినవారు తలా కొంత వేసికొని తెప్పించుకొన్న పాతరకపు కార్లకు అయస్కాంతబలము లేదు. మీట నొక్కగానే చక్రములు తిరుగును గాని కారు కదలుటకు క్షణము పట్టును. ఇరువది యడుగుల పందెములో ఆ క్షణమే సర్వస్వము. క్రొత్త కారు ప్రతి పందెమును గెలిచెను. మూడవ ఆదివారము ఒక బాలుడు రాలేదు. వాని తండ్రి పొలముల పంపుమోటార్లకు తీగ చుట్టు దుకాణము నడుపుచున్నాడు. ఆ బాలునకు అందరికంటె చేతిపని యెక్కువ. అందరికంటె డబ్బు తక్కువ. దుకాణమునకు పోయి రాకపోవుటకు కారణ మడుగగా వాడు తల యెత్తకుండ, "ఎవుడు గెలుస్తాడో ముందే తెలిసిపోతే ఇంకేటి పందెం మాష్టారూ?" అనెను.

ఈ మాట మాకు గట్టిగా తగిలినది. ఓడినవాడు ఏడ్చిన ఓదార్చవచ్చును; ఓడినవాడు కోపించిన బుద్ధి చెప్పవచ్చును; ఆడుటయే వ్యర్థమని తెలిసికొని ఇంట కూర్చున్నవానికి ఏమి చెప్పవచ్చును? ఇట్లు ఇంట కూర్చున్నవారు మన దేశమున ఆటలలో మాత్రమే కాక చదువులలోను కొలువులలోను ఎందరు కలరో చదువరులే యోచింపగలరు. బాలు రందరును వచ్చి, "మీరే రూల్సు రాసిపెట్టండి మాష్టారూ" అని యడుగగా మేము సమ్మతించితిమి.

నియమములు వ్రాయుటకు అమెరికా దాక పోవలసిన పని లేకుండ మా కొట్టు అరుగుమీద కూర్చున్న యొక వృద్ధ రైతు త్రోవ చూపెను. ఆయన బొమ్మకార్లను కొంతసేపు చూచి, సంగతి విని, "పళ్లు సూడకుండా పందెం కడతారేటి బాబూ?" అని నవ్వెను. తెలియని చదువరులకొరకు దీనిని వివరింతుము. ఎద్దునకు పై దవడ ముందువైపున పండ్లుండవు. క్రింది దవడను ఎనిమిది యుండును. రెండేండ్లు దాటిన పిదప నడిమి పాలపండ్లు రెండు ఊడి వాని స్థానమున పెద్దపండ్లు వచ్చును. ఆ తరువాత జతజతగా నాలుగు, ఆరు, ఎనిమిది యగును. కావున ఎద్దు నోరు తెరచినచో దాని వయసు తెలియును. గుంటూరు, ప్రకాశము, కర్నూలు సీమలలో ఒంగోలు జాతి యెడ్లచేత నడపు బండలాగుడు పోటీలలో తరగతు లీ పండ్లనుబట్టియే యేర్పడినవి: పాలపండ్ల జత లొక తరగతి, రెండు పండ్లవి యొకటి, నాలుగు పండ్లవి యొకటి, ఆరు పండ్లవి యొకటి, ఆ పైన జూనియర్లు, సీనియర్లు. తరగతి పెరిగినకొలది బండ బరువు పెరుగును. నిర్ణీతమైన నిమిషములలో ఏ జత యెన్ని అడుగుల దూరము బండను లాగెనో కొలిచి బహుమతు లిత్తురు. మా ప్రాంతపు తీర్థములలో బండ లాగుటకంటె ఎడ్లబండ్ల పరుగు పందెము లెక్కువ.

ఈ పందెములలో మూగజంతువులకు కలుగు బాధనుగూర్చి వాదము లేకపోలేదు. 2014 మే 7వ తేదీన సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రములు తమ శాసనములను సవరించుకొనగా, 2023 మే 18వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణలు చెల్లునని తీర్పు చెప్పెను. ముల్లుకర్ర యెరుగని బొమ్మకారు విషయమున ఆ చింత లేదు. అయినను రైతులు కనిపెట్టిన సూత్రము మాత్రము రెంటికిని సరిపోవును. ఆ సూత్రమును పరికింపుడు. పండ్లు చూచువాడు ఎద్దు యజమానిని చూడడు. అతనికి ఎన్ని యెకరములున్నవి, అతని యిల్లు ఏ వీధిలో నున్నది, అతని తాత యెవడు అని యడుగడు. లాగునది ఎద్దు గనుక ఎద్దు నోరే తెరచి చూచును. చూచినదానిని చుట్టు నిలిచిన నలుగురును చూడవచ్చును.

మన దేశమున తరగతులకు కొదువ లేదు. మనుష్యులను మెట్లుమెట్లుగా నిలిపిన విద్యలో మనకు మించిన జాతి లేదు. కాని యా మెట్లన్నియు పండ్లు చూడకుండ కట్టినవి. పని చేయు చేతిని చూడక పుట్టిన యింటిని చూచి, ఇతడు రెండు పండ్లవాడు, అతడు పాలపండ్లవాడు అని నిర్ణయించి, ఆ నిర్ణయమును తరతరములకు ముద్రవేసినవి. బండలాగుడులో ఈ యేటి రెండు పండ్ల జత వచ్చు సంవత్సరము నాలుగు పండ్లదగును. మన మెట్లమీద నిలుచున్నవాడు చచ్చువరకు అచ్చటనే నిలువవలెను. తరగతి యను మాట వినినంతనే సంస్కారప్రియులు కొందరు ముఖము త్రిప్పుకొందురు. వారికి మేము చెప్పునది యిది: విభజించుటలో దోషము లేదు, దేనిని చూచి విభజించితి మనుటలో నున్నది. ఫలమును నిర్ణయించు వస్తువును చూచి విభజించిన తరగతి బలహీనునకు రక్ష. వస్తువును విడిచి మనిషిని చూచి విభజించిన తరగతి వానికి సంకెల.

ఈ సూత్రము ననుసరించి మూడు తరగతు లేర్పరచితిమి. బాలు రెడ్ల పేర్లే పెట్టుకొనిరి. మొదటిది పాలపండ్లు: అయస్కాంతబలము లేని పాత రకపు కారు, తయారుచేసినవా రమర్చిన మోటారు, టైర్లు మాత్రము మార్చుకొనవచ్చును. రెండవది నాలుగు పండ్లు: అయస్కాంతములు గల కారు, మోటారు మాత్రము విప్పరాదు. మూడవది ఎనిమిది పండ్లు: గాడిలో దిగి, గీటు దాటగల దేదైనను సరియే. కారు వెలనుబట్టి తరగతులు పెట్టుదమని కొంద రనిరి. మేమంగీకరింపలేదు. వెల చీటీమీద నుండును. చీటీ యబద్ధ మాడగలదు. అయస్కాంత మబద్ధ మాడలేదు. ఇనుప గుండుసూదిని దగ్గర పెట్టినచో నిజము చెప్పును. ఆడువారి వయసునుబట్టి పెట్టుదమని మరికొంద రనిరి. అదియు త్రోసివేసితిమి. మీట నొక్కుటలో పదేండ్లవాని వ్రేలు ఇరువదేండ్లవాని వ్రేలికి తీసిపోదు.

ఇచ్చటనే ఆడపిల్లల ప్రసంగము వచ్చినది. ఇద్దరు చెల్లెండ్రు తామును ఆడుదు మనగా, వారికి వేరే తరగతి పెట్టవలెనని ఒక పెద్దమనిషి సూచించెను. ఆయన మంచిబుద్ధితోనే చెప్పెను. మేము వినయముతో నొక ప్రశ్న యడిగితిమి: "అయ్యా, కారును తోయునది మోటారు గదా, ఆ మోటారునకు తన మీట నొక్కినది అన్నయో చెల్లెలో తెలియునా?" బరువులెత్తు పోటీలో దేహబలము ఫలమును నిర్ణయించును గావున అచ్చట స్త్రీలకు వేరు తరగతి న్యాయము. ఇచ్చట వేరు పెట్టుట గౌరవముగా కన్పట్టు అవమానము. నియమపత్రములో "పాల్గొనువారు" అని మాత్రమే వ్రాసితిమి. ఆ యిద్దరిలో చిన్నది మొదటి నెలలోనే పాలపండ్ల తరగతిలో రెండుమార్లు గెలిచినది.

తరగతు లేర్పరచుట సులభము, కాపాడుట కష్టము. దానికై మేము పెట్టుకొన్న కట్టుబాటు ఒకటి: పరీక్షింపలేని నియమమును వ్రాయరాదు. "అందరును నిజాయితీగా నుండవలెను" అని వ్రాసిన పత్రము గోడకు అందమేగాని ఆటకు బలము గాదు. విద్యుత్తు అందరికిని ఒకే పెట్టెనుండి, ఒకే వోల్టేజీతో. రెండు గాళ్లలో ఒకటి యెప్పుడును కొంచెము మెరుగుగా నుండును గావున ప్రతి జోడియు గాళ్లు మార్చుకొని రెండుమార్లు పరుగెత్తవలెను. పరీక్ష ముగిసిన కారు పందెము వరకు బల్లమీదనే యుండవలెను, జేబులోనికి పోరాదు. గెలిచిన కారును అందరియెదుట విప్పి చూపవలెను. ఈ కడపటి నియమము వచ్చిన పిదప "తొండి" యను కేక చాలవరకు అణగినది. అనుమానము చీకటిలో పెరుగును. మూత విప్పినచో దానికి నిలువ నీడ యుండదు.

బయలుదేరుటకు చేయి విసరుటచేత తగవులు వచ్చుచుండెను. ఇంజనీరింగు చదువుచున్న మా యూరి యువకుడొకడు ఆర్డుయినో అను చిన్న పలకతో దీపపు కంబమును, గీటునొద్ద కాంతి తెగినంతనే కాలమును గుర్తించు నేర్పాటును చేసి యిచ్చెను. అమెరికా మైదానములలో జెండా యూపువానికి బదులు ఇట్టి దీపపు కంబము 1963లో వచ్చెను. పచ్చ దీపమునకు ముందే కదలినవానికి ఎఱ్ఱ దీపము వెలుగును, వా డోడినట్లే. దీపమునకు మేనమామ లేడు. ఎవరి బిడ్డ యైనను ముందు కదలినచో ఎఱ్ఱగానే వెలుగును.

ఇంతటితో ఒక తరగతిలోనివారికి న్యాయము జరిగినది. వేరు తరగతులవారు తమలో తాము ఆడవలె ననిన నెట్లు? దీనికి అమెరికావా రొక చక్కని యుపాయమును కనుగొనిరి. ప్రతివాడును తన కారు ఎంత కాలములో గీటు దాటునో ముందుగా ప్రకటింపవలెను. ఒకడు 1.80 సెకను లనియు, మరొకడు 1.30 సెకను లనియు ప్రకటించి రనుకొందము. మొదటివానికి అర సెకను ముందుగా పచ్చ దీపము వెలుగును. ఇద్దరును చెప్పినమాట ప్రకారము పరుగెత్తినచో గీటునొద్ద సమానముగా వత్తురు. మరి తక్కువచేసి చెప్పి ఎక్కువ వేగము చూపినచో? వాడోడును. తాను చెప్పినకాలము కంటె త్వరగా వచ్చినవాడు ఓడుట యను నియమ మిదియొక్కటే లోకములో నుండునేమో యని మా బాలురు నవ్విరి. కాని యిందులో గొప్ప నీతి యున్నది. ఈ పందెములో గెలుచువాడు వేగము గలవాడు గాడు, తన బలమును తాను సరిగా నెరిగి నిజము చెప్పినవాడు. ఒకనాడు ఒక బాలుని నాయనమ్మ అరుగుమీదనుండి లేచివచ్చి, పాలపండ్ల కారుతో, మేనమామ తెచ్చిన కారును ఈ పద్ధతిలో ఓడించినది.

ఇక డబ్బు సంగతి. ఎనిమిది పండ్ల తరగతిలో అంతయు చెల్లును గనుక అచ్చట మరల ధనమే రాజగు ననుభయము కలిగెను. దీనికొక పాత మందు కలదు. గుఱ్ఱపు పందెములలో కొన్నిటియందు, పాల్గొను గుఱ్ఱమును ముందుగా నిర్ణయించిన వెలకు ఎవరైనను కొనవచ్చు నను నియమ ముండును. లక్షల గుఱ్ఱమును వేల పందెములో దింపినవాడు దానిని వేలకే పోగొట్టుకొనును. కావున నెవడును దింపడు. మేము దీనిని తీసికొని, ఎనిమిది పండ్ల తరగతిలో గెలిచిన మోటారును, పందెము ముగిసిన అరగంటలో, ఓడినవారిలో నెవరైనను ఐదువందల రూపాయ లిచ్చి కొనవచ్చుననియు, గెలిచినవాడు కాదనరాదనియు వ్రాసితిమి. ఐదువేలు పెట్టి మోటారు తెప్పించువానికి ఈ నియమము గోడవంటిది.

బయటివారు పందెముమీద పందెము కాయ వచ్చినప్పుడు మాత్రము మేము చర్చకు తావీయలేదు. 1974వ సంవత్సరపు జూద నిషేధ శాసనము మన రాష్ట్రమున నున్నది. అది లేకున్నను, సంక్రాంతి కోళ్లబరులచెంత ఇల్లు గుల్లచేసికొన్న కుటుంబములను మేము కన్నులార చూచియున్నాము. చూచువానికి లాభము కలిగినచో ఆడువానికి నిజము చెడును. కొట్టులోనికి డబ్బు చేతబట్టుకొని వచ్చినవానిని బాలురే వెలుపలికి పంపిరి.

నియమము లెప్పుడును మార్పరానివా యని యడుగుదురేమో. కాదు. పావు మైలు దూరమును అమెరికావారు అర్ధశతాబ్దికి పైగా వేదమువలె పాటించిరి. 2008 జూను 21వ తేదీన స్కాట్ కలిట్టా అను ప్రసిద్ధుడైన పందెగాడు కారు ఆగక ప్రాణము కోల్పోగా, ఆ సంవత్సరమే అత్యంత వేగము గల తరగతులకు దూరమును 1,000 అడుగులకు తగ్గించిరి. ఒక ప్రాణము కంటె 320 అడుగులు గొప్పవి గావని వారొప్పుకొనిరి. ఆచారమని పట్టుకొని ప్రాణములు పోవుచున్నను వదలని మనకు ఇది తెలియదగిన సంగతి. అయితే మార్పు పందెము నడుమ రారాదు. మా పత్రములో సవరణకు తేదీ వేయవలెననియు, తేదీ వేసిన వారము పిదపగాని అది చెల్లదనియు వ్రాసితిమి. ఓడిన సాయంకాలము పుట్టిన సవరణ వారము దినములు నిలిచినచో దానిలో కొంత న్యాయము కలదనుకొనవచ్చును.

తీగ చుట్టు దుకాణపు బాలుని మాట చెప్పి ముగింతుము. తరగతు లేర్పడినవని తెలిసి వాడు వచ్చెను. పాలపండ్ల తరగతిలో ఆడి, కొన్ని గెలిచి, కొన్ని యోడెను. తరువాత నొక ఆదివారము తన పాత మోటారు తీగను విప్పి, తండ్రి దుకాణపు సన్నతీగను చేతితో చుట్టి, ఎనిమిది పండ్ల తరగతిలో దింపెను. ఆనాడు మేనమామ కారు మొదటిసారిగా ఓడినది. వెంటనే ఆ బాలుని అన్న, "చేత్తో చుట్టిన మోటారు తొండి కదండీ!" అనెను. గోడమీది పత్రమును చూపితిమి: ఏదైనను సరియే యని వ్రాసియున్నది. ఒక సంగతి మాకప్పుడు తేటపడినది. ధనము గెలిచినన్నాళ్లు దానిని అందరును అదృష్టమనిరి. చేతిపని గెలిచిననాడు దానిని తొండి యనిరి.

అన్న మరల పత్రము చదివి, ఐదువందలు తీసి బల్లమీద పెట్టెను. నియమము నియమమే. దుకాణపు బాలుడు మారుమాట లేక మోటారు విప్పి యిచ్చెను. కొట్టులో నంద రూరకుండిరి. వాడు నష్టపోయెనని మా కందరికిని తోచెను. మరుసటి ఆదివారము వాడు మరియొక మోటారుతో వచ్చెను. రెండురాత్రులలో చుట్టెనట. కడపటి పందెము ఆ రెండు మోటార్లకే పడినది. కొన్న మోటారు వ్రేలెడు దూరమున గెలిచినది. ఇప్పుడు దానిని మరల కొనుటకు దుకాణపు బాలునికే హక్కు కలదు. జేబులో ఆ ఐదువందలును ఉన్నవి. వాడు కొనలేదు. "దాంట్లో ఎన్ని చుట్లున్నాయో నాకు తెలుసు కదండీ మాష్టారూ. ఇంకో పది తగ్గించి సూస్తాను" అని బల్లమీది కారును తీసికొనెను. అంతలో అన్న వానివద్దకు వచ్చి, మోటారు చుట్టుట నేర్పెదవా యని యడిగెను. మరునాటినుండి ఆ అన్నదమ్ములు సాయంకాలములయందు దుకాణమునకు పోవుచున్నారు. అంతకు ముందు వారి యింటివా రెవరును పంపు చెడినప్పుడు తప్ప ఆ గడప త్రొక్కి యెరుగరు.

చదువరులారా, మీ యిండ్లలో పిల్లలు ఏ యాట యాడుచున్నను ఒకమారు వారి ప్రక్క కూర్చుండి, ఆ యాటకు నియమము లేవి, ఎవరు వ్రాసిరి, తప్పినచో నెవరు చెప్పుదురు అని యడుగుడు. వారు చెప్పలేనిచో నొక కాగిత మిచ్చి వ్రాయుమనుడు. వ్రాయునప్పుడు పోట్లాడుదురు, పోట్లాడనిండు. ఆటకు రాక యింట కూర్చున్న పిల్లవా డెవడైన నుండినచో, వాని యింటికి పోయి కారణ మడిగి, ఆ కారణమునుండియే మొదటి నియమము ప్రారంభింపుమని చెప్పుడు.